వీసా కోసం ఒక పరీక్ష, మీ కోసం ఇంకొకటి

(నెల్లూరు జిల్లా ఆత్మకూరులో, విదేశాలకు వెళ్లేవారి కోసం, వారి కుటుంబాల కోసం జరిగిన సభలో నెల్లూరు వైద్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉదయగిరి, వింజమూరు, మర్రిపాడు నుంచి వచ్చినవారు ఉన్నారు. జిల్లా దాటి పామూరు, కనిగిరి నుంచి కూడా కొందరు వచ్చామని చెప్పారు. మీకు తిరుగు బస్సులు అందాలి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మీలో చాలామంది చేతుల్లో ప్లాస్టిక్ కవర్లున్నాయి. అందులో పాస్‌పోర్టు, వీసా నకలు, ఆధార్, ఏజెంటుకు కట్టిన డబ్బుకు రసీదు ఉంటాయి. వాటిని ఎంత భద్రంగా ఒళ్లో పెట్టుకున్నారో చూస్తూనే ఉన్నాను. ఆ కవరులో మీ ఒంటి సంగతి మీ మేలు కోసమే రాసిన కాగితం ఒక్కటైనా ఉందా? నేను ఈ పూట మాట్లాడేదంతా ఆ కాగితం గురించే.

గల్ఫ్‌కు పనికి వెళ్లేవారు నా దగ్గరకు వస్తే "మెడికల్ అయిపోయింది సార్, ఫిట్ వచ్చింది" అంటారు. మద్రాసుకో హైదరాబాదుకో వెళ్లి చేయించుకునే ఆ మెడికల్‌లో ఏమేమి చూస్తారు? హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే, స్త్రీలకైతే గర్భ పరీక్ష. మీ ద్వారా అంటువ్యాధి తమ దేశానికి రాకూడదని వాళ్లు అడుగుతున్నారు. అందులో తప్పేమీ లేదు, ఏ దేశమైనా తన ప్రజల గురించే ఆలోచిస్తుంది. కానీ ఆ ముద్ర చూసుకుని "నాకు ఏ జబ్బూ లేదు" అని మీరు నమ్మితే మాత్రం ప్రమాదం. ఆ నివేదికలో చక్కెర అంకె, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె కూడా మామూలుగా రాసి ఉంటాయి. మిమ్మల్ని కూర్చోబెట్టి ఆ అంకెల అర్థం చెప్పేవారు ఉండరు. ఫిట్ అనే మాట చూసి ఏజెంటు టికెట్టు పనిలో పడతాడు, మీరు అప్పు పనిలో పడతారు. ఆ నివేదిక నకలు అడిగి తీసుకోండి. ఊళ్లో మిమ్మల్ని ఎప్పుడూ చూసే డాక్టరుకు చూపించండి. బీపీ ఎంత ఉంది, చక్కెర ఎంత ఉంది, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయి, రక్తం ఎంత ఉంది అని విడిగా అడిగి తెలుసుకోండి.

మూత్రపిండాల గురించి ఎందుకు ఇంతగా పట్టుబడుతున్నానో చెబుతాను. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు, పళ్ల మీద గారలు, వంగిపోయిన కాళ్లు మీ ఊళ్లలోనే ఉన్నాయి. మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ దాకా వచ్చినవారు కూడా ఆ వైపు నుంచి, ఉదయగిరి మెట్ట నుంచి నా దగ్గరకు వస్తూనే ఉన్నారు. ఈ జబ్బు మొదట్లో ఏమీ తెలియనివ్వదు. నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు, మనిషి పొలం పని చేసుకుంటూనే ఉంటాడు. అలాంటి మనిషిని తీసుకెళ్లి ఎడారి ఎండలో పెడితే ఏమవుతుందో ఆలోచించండి.

మనకు ఎండ కొత్త కాదు అనుకుంటాం. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ భరించినవాళ్లం. కానీ కువైట్‌లోని మిత్రిబా అనే చోట 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదయింది. ప్రపంచ వాతావరణ సంస్థ ఆ అంకెను పరిశీలించి ఒప్పుకుంది. పైగా మనం ఇక్కడ ఎండ ముదిరితే చెట్టు కిందకు వెళ్తాం, పని సాయంత్రానికి వాయిదా వేసుకుంటాం. అక్కడ ఆ వెసులుబాటు మీ చేతిలో ఉండదు. అందుకే ఆ ప్రభుత్వాలే మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని నియమం పెట్టాయి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 గంటల దాకా, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పన్నెండున్నర నుంచి 3 దాకా, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 దాకా. ఈ వేళలు కంఠతా పట్టండి. మేస్త్రీ పనికి రమ్మంటే ఇది చట్టమని మీకు తెలిసి ఉండాలి. ఇక ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే పనికి వెళ్లేవారిని చూడటానికి తనిఖీ అధికారి అంత దూరం రాడు. ఆ పనికి వెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

వెళ్లిన కొత్తలోనే ప్రమాదం ఎక్కువ. ఎండకు శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మంచి పేరు తెచ్చుకోవాలని ఒళ్లు మరిచి పనిచేయకండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలడం లేదని అర్థం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టెలో పెట్టుకోండి. పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలిపోతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి, అంబులెన్సుకు ఫోను చేయించండి. కువైట్‌లో ఆ నంబరు 112, సౌదీలో 997, యూఏఈలో 998.

ఇంకొక మాట. రోజంతా పని చేసి ఒళ్లు నొప్పులంటే మనవాళ్లు మొదట వెతికేది డైక్లోఫెనాక్ మాత్ర. వెళ్లేటప్పుడు స్ట్రిప్పులకు స్ట్రిప్పులు కట్టుకుపోతారు. నీళ్లు తక్కువై ఎండిపోయిన ఒంట్లో రోజూ ఈ నొప్పి మాత్రలు వేసుకోవడం మూత్రపిండాలకు పెద్ద దెబ్బ. దయచేసి ఆ అలవాటును ఇక్కడే వదిలి వెళ్లండి. అవసరమైతే పారాసిటమాల్ వేసుకోండి, అది కూడా మోతాదు మించకుండా.

మందుల సంచి దగ్గరకు వచ్చాం కాబట్టి ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఇందులో ఆరోగ్యమే కాదు, జైలు కూడా ఉంది. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్ర కోసం, దిగులు కోసం వేసుకునే ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్. ఇవన్నీ మన మెడికల్ షాపుల్లో చీటీ మీద దొరికేవే. గల్ఫ్ దేశాల్లో వీటిని మత్తుమందుల చట్టం కింద చూస్తారు. యూఏఈకి ఇలాంటివి తీసుకెళ్లాలంటే అక్కడి ప్రభుత్వం నుంచి ముందే అనుమతి తెచ్చుకోవాలి. మీకు నిజంగా అవసరమైన మందయితే డాక్టరును అడిగి, ఆ దేశంలో ఇబ్బంది లేని వేరే మందుకు ముందే మారండి. మారిన మందు మీకు పడుతుందో లేదో చూసుకోవడానికి కొన్ని వారాలు కావాలి. అందుకే ఆఖరి రోజున రావద్దు అనేది.

ఊరి ఆర్‌ఎంపీ దగ్గర పొట్లం కట్టించుకున్న విడి మాత్రలు ఒక్కటి కూడా తీసుకెళ్లకండి. పేరు లేని మాత్ర ఏమిటో విమానాశ్రయంలో మీరు చెప్పలేరు. పేరు లేని చూర్ణాలు, నాటు మందుల సీసాలు కూడా అంతే. మందులు కొన్న స్ట్రిప్పులోనే, అట్టపెట్టెలోనే ఉండాలి. డాక్టరు చీటీ మీద కంపెనీ పేరే కాదు, మందు అసలు పేరు కూడా రాయించుకోండి. ఇక్కడి కంపెనీ పేరు చెబితే అక్కడి మందుల షాపులో తెలియదు, అసలు పేరు చెబితే ఎక్కడైనా తెలుస్తుంది.

గసగసాలు. ఇక్కడున్న అమ్మలందరూ ఇది వినాలి. కొడుకు కోడి కూర వండుకుంటాడని మసాలా సామానులో గసగసాలు పొట్లం కట్టి పెడతారు. యూఏఈలో, సౌదీలో, సింగపూర్‌లో గసగసాలు నిషిద్ధం, ఎందుకంటే అవి నల్లమందు మొక్క గింజలు. దంచిన మసాలా పొడిలో కలిసి ఉన్నా అంతే. పక్క వీధివాళ్లు, బంధువులు "మా వాడికి ఇవ్వండి" అని తెచ్చే పార్శిల్ కూడా మీరు విప్పి చూసి, మీ చేతులతో సర్దితేనే పెట్టెలో పెట్టుకోండి. వాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఆ పెట్టె మీద ఉన్నది మీ పేరు.

ఇంటిపనికి వెళ్లే ఆడబిడ్డలకు చెప్పవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. మీలో చాలామందికి రక్తం తక్కువ. హీమోగ్లోబిన్ 7, 8 ఉన్న మనిషి పెద్ద ఇంట్లో మెట్లు ఎక్కుతూ దిగుతూ పొద్దున్నుంచి రాత్రిదాకా చేయలేదు. ఐరన్ మాత్రలు ఇక్కడే మొదలుపెట్టి, రక్తం పెరిగాకే వెళ్లండి. నెలసరి ఇబ్బందులు, తెల్లబట్ట, రొమ్ములో గడ్డ లాంటివి ఏవైనా ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా చూపించుకుని వెళ్లండి. ఇక్కడైతే మీ భాషలో మీ బాధ చెప్పుకోగలరు. అక్కడ యజమానురాలికి సైగలతో చెప్పుకోవాలి, ఆమె తీసుకెళితేనే ఆసుపత్రి.

ఏ వీసా మీద వెళ్తున్నారన్నది కూడా ఆరోగ్య విషయమే. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు. దానితో కువైట్, సౌదీ, ఒమన్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. 30 ఏళ్లు నిండని స్త్రీలకు ఆ క్లియరెన్సు ఇవ్వరు. ఆపై వయసు స్త్రీలను కూడా 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రంలో ఆ పనికి ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇదంతా తప్పించుకోవడానికి కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు. అలా వెళ్లిన మనిషికి జబ్బు చేస్తే ఆమె పేరు మీద అక్కడ ఏ కాగితమూ ఉండదు. ఆసుపత్రికి వెళ్తే పట్టుకుంటారని భయపడి గదిలోనే పడి ఉంటుంది. దయచేసి విజిట్ వీసా మీద పనికి వెళ్లకండి.

క్లియరెన్సుతో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాదంలో మరణించినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఆ పాలసీ నకలు ఇంట్లో ఒకటి ఉండాలి. పాలసీ ఉందన్న సంగతే ఇంట్లోవాళ్లకు తెలియకపోతే ఎవరు అడుగుతారు? అలాగే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. లక్షలు అడుగుతున్నాడంటే అక్కడే ఆలోచించండి. అంత అప్పు నెత్తిన ఉన్న మనిషి జ్వరం వచ్చినా సెలవు అడగడు.

కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించకుండా పని, మీ అనుమతి లేకుండా మీ పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదన్న నియమం అందులో ఉన్నాయి. అన్ని ఇళ్లలో అమలవుతుందని నేను చెప్పను. కానీ హక్కు ఉందని తెలిసిన మనిషి సాయం అడిగే తీరే వేరు. భారత ప్రభుత్వ సహాయ కేంద్రం నంబరు 1800 11 3090. ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచి చేయవచ్చు. దానితో పాటు మన దౌత్య కార్యాలయం నంబరు, ఇంటి నంబరు ఒకటి నోటికి వచ్చేలా నేర్చుకోండి. ఫోను లాగేసుకోవచ్చు, కాగితం పోవచ్చు.

చలికాలం సంగతి కూడా చెప్పాలి. ఎడారిలో రాత్రుళ్లు చలి గట్టిగా ఉంటుంది. గదిలో, గుడారంలో తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని, తెల్లవారేసరికి ప్రాణాలు పోయినవారున్నారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. మూసిన గదిలో నిప్పు ఉంచకండి. ఒంటెలు కాసేవారు కాచని పాలు తాగకండి.

(సభలో ఒకరి ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంది, కాన్పుకు వెళ్తున్నాం, మాకు మెడికల్ ఏమీ అడగలేదు, మాకు కూడా ఇవన్నీ అవసరమా?)

అడగలేదు కాబట్టే మీకు ఎక్కువ అవసరమమ్మా. విజిటర్ వీసాకు వైద్య పరీక్ష లేదు. అంటే బీపీ, చక్కెర, గుండె ఎలా ఉన్నాయో ఎవరూ చూడకుండానే అరవై దాటినవారు ఇరవై గంటల ప్రయాణం చేస్తున్నారు. మీ బీమా పత్రం మీ అబ్బాయో అల్లుడో ఆన్‌లైన్‌లో తీసి ఉంటారు. దాన్ని ఒకసారి తెలుగులో చెప్పించుకోండి. ముందు నుంచే ఉన్న జబ్బులకు చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు, కొన్ని హఠాత్తుగా ముదిరినప్పుడు మాత్రమే ఒక పరిమితి దాకా ఇస్తాయి. అమెరికాలో ఒక రోజు ఆసుపత్రి ఖర్చు మనం ఇక్కడ ఊహించేది కాదు. కాబట్టి గుండెలో బరువు, ఆయాసం లాంటివి ఉంటే నెల్లూరు పోగతోట ఆసుపత్రుల్లో చూపించుకుని, చేయించవలసినవి చేయించుకునే బయలుదేరండి. పళ్లు కూడా. పంటి వైద్యం మామూలు విజిటర్ బీమాలో దాదాపు ఉండదు, అక్కడ చాలా ఖరీదు.

పసిబిడ్డను ఎత్తుకోవడానికి వెళ్తున్నారు కదా. అమ్మమ్మలు, తాతయ్యలు టీడాప్ అనే టీకా ఒకటి వేయించుకోవాలి. అది కోరింత దగ్గు నుంచి కాపాడుతుంది. పెద్దవాళ్లకు ఆ దగ్గు మామూలు దగ్గులాగే ఉంటుంది, నెలల బిడ్డకు ప్రాణాంతకం. బిడ్డను తాకడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. ఫ్లూ టీకా కూడా దానితో పాటు. మనవడికి గొలుసు చేయించడానికి కంసాలి దగ్గరకు వెళ్తారు, దానికంటే ముందు ఈ సూది వేయించుకోండి.

మందులు సాధారణంగా 90 రోజులకు సరిపడా తీసుకెళ్లనిస్తారు. ఆరు నెలలు ఉండేవారు మిగతా సగానికి ఏం చేయాలో పిల్లలతో ముందే మాట్లాడుకోండి. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, కింద వేసే పెట్టెలో గడ్డకట్టి పాడవవచ్చు. పడమరకు వెళ్లేటప్పుడు రోజు పొడవవుతుంది కాబట్టి ఇన్సులిన్ వేళలు డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. గంటకోసారి లేచి నడవండి, పక్కవారిని లేపాలని మొహమాటపడకండి. దిగిన తర్వాత ఒక కాలే వాచి నొప్పి పుట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే పిల్లలకు చెప్పండి, అక్కడ 911కు ఫోను చేస్తారు.

చదువుకు వెళ్లే పిల్లలకు టీకాల కార్డు ముఖ్యం. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసుల రుజువు అడుగుతాయి. చిన్ననాటి కార్డు పోయి ఉంటే మళ్లీ వేయించుకోవాలి, రెండింటి మధ్య 28 రోజులు ఉండాలి. వీసా వచ్చిన వారంలో ప్రయాణం పెట్టుకుంటే ఇది కుదరదు. బ్రిటన్‌కు ఆరు నెలలకు మించి వెళ్లేవారికి క్షయ పరీక్ష పత్రం వీసాకే కావాలి, వాళ్లు గుర్తించిన కేంద్రంలోనే చేయించాలి.

పిల్లలారా, మీకు జబ్బుల కంటే నీళ్ల గురించి, రోడ్ల గురించి నాకు ఎక్కువ భయం. అమెరికాలో, స్కాట్లాండ్‌లో, ఆస్ట్రేలియాలో జలపాతాల దగ్గర, గడ్డకట్టిన చెరువుల మీద మన తెలుగు పిల్లలు చనిపోయిన వార్తలు ఈ కొన్నేళ్లలో ఎన్ని చదివామో. చదువు కోసం తలిదండ్రులు పొలం తాకట్టు పెట్టి పంపిన పిల్లలు వాళ్లు. సోమశిల పక్కనే ఉండి కూడా మనలో చాలామందికి ఈత రాదు. ఈత వచ్చినవారికి సైతం అక్కడి చల్లటి నీళ్లలో పడగానే ఊపిరి ఎగబీల్చి నీళ్లు లోపలికి పోతాయి, చేతులు మొద్దుబారతాయి. ఫొటో కోసం తడిసిన రాళ్ల మీదకు వెళ్లవద్దు. మంచు కప్పిన చెరువు మీద అడుగు పెట్టవద్దు. వెళ్లేలోపు నెల రోజులు ఈత నేర్చుకోండి.

రోడ్డు దాటేటప్పుడు మనం అలవాటుగా మొదట కుడివైపు చూస్తాం. అమెరికాలో, గల్ఫ్‌లో బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి, కాబట్టి మొదట మీ మీదకు వచ్చే బండి ఎడమవైపు నుంచి వస్తుంది. గల్ఫ్‌కు వెళ్లేవారికీ ఇదే మాట.

బోర్లు వేసే పనికి, గ్రానైట్ పనికి ఆఫ్రికా వెళ్లేవారు ఇద్దరు ముగ్గురు ఉన్నామన్నారు. అక్కడి చాలా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా కావాలి. అది ప్రతి ఆసుపత్రిలో వేయరు. మనకు దగ్గరలో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. వేసిన పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. మలేరియాకు మన పాత క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు, నివారణ మాత్రలు డాక్టరు రాసిన ప్రకారం వెళ్లే ముందే మొదలుపెట్టి, కొన్నింటిని తిరిగి వచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. తిరిగొచ్చిన కొన్ని నెలల్లో ఏ జ్వరం వచ్చినా "ఆఫ్రికా నుంచి వచ్చాను" అన్న మాట డాక్టరుకు మొదట చెప్పండి. హజ్‌కు, ఉమ్రాకు వెళ్లే పెద్దలకు మెనింజైటిస్ టీకా కనీసం పది రోజుల ముందు తప్పనిసరి.

ఇన్ని పనులకు సమయం కావాలి కాబట్టి ప్రయాణానికి ఆరు వారాల ముందే డాక్టరును కలవండి. నేను మొదట అడిగిన కాగితం అప్పుడే రాయించుకోండి. మీ రక్తం గ్రూపు, మీకు పడని మందులు, ఉన్న జబ్బులు, వేసుకునే మందుల అసలు పేర్లు, వేయించుకున్న టీకాలు, ఇక్కడ ఎవరికి ఫోను చేయాలో. ఒక్క పేజీ చాలు. ఇంగ్లిషులో రాయించండి, అక్కడి డాక్టరు చదవాలి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంట్లో, ఫొటో తీసి ఫోనులో ఒకటి.

మందులు వెంట తెచ్చుకున్నవారు వాటిని చీటీతో సహా ఈ బల్ల దగ్గరకు తీసుకురండి, ఒక్కొక్కటీ చూసి ఏది తీసుకెళ్లవచ్చో ఏది వద్దో రాసిస్తాను. దూరపు ఊళ్లవారు ముందు రండి. మెడికల్ నివేదిక చేతిలో ఉన్నవారు రెండో వరుసలో కూర్చోండి, అక్కడ నర్సు బీపీ చూస్తారు.